శుక్రవారం వచ్చిన మార్తమ్మ శాంపిల్

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చర్చిలో పెరిగినదాన్ని, దేవుణ్ణి నమ్ముతాను, అక్కడితో సరి. పైగా నేను బళ్ళారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. మా దగ్గర ప్లేటు మీద క్రిమి పెరిగితే ఉన్నట్టు, పెరగకపోతే లేనట్టు. ఎవరైనా ఆత్మల కథలు చెబితే నవ్వేసేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు, అంతే తేడా.

నా పని ఎక్కువగా మూత్ర పరీక్షలే. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు గానీ, మనుషుల బతుకులు బాగా తెలుస్తాయి. ఇన్ఫెక్షన్ అని వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. గర్భిణులు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, చేలో చాటు లేక పొద్దంతా బిగబట్టుకునే కూలీలు. మగవాళ్ళయితే ప్రోస్టేటు వాచిన ముసలివాళ్ళు, మూత్రానికి గొట్టం వేయించుకున్నవాళ్ళు. చాలామందిలో దొరికే బ్యాక్టీరియా ఈ.కోలై. షుగర్ వాళ్ళలో, ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళలో క్లెబ్సియెల్లా కూడా తరచూ కనిపిస్తుంది. అది ప్లేటు మీద చీమిడిలా జిగటగా పెరుగుతుంది. మొండిది, చాలా మందులకు లొంగదు.

మా అమ్మ పేరు మార్తమ్మ. బళ్ళారికి బస్సు దూరంలో ఉన్న కుడతినిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. వాడు అక్కడి కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. అమ్మకు షుగర్ ఉంది. అయినా శుక్రవారం ఉపవాస ప్రార్థన మానదు. వాళ్ళ సంఘం ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మధ్యలో ఒంటికి వెళ్ళడానికి లేచినా భక్తి తక్కువ అనుకుంటారు. వద్దమ్మా, ఒళ్ళు పాడవుతుంది అని అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఆమె మారలేదు.

ఆ శుక్రవారం ముసురు పట్టింది. నేను భోజనానికి లేవబోతుంటే శాంపిల్స్ తీసుకునే కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. వానకు నెత్తిన కొంగు కప్పుకుంది, ముఖం సగం మూసుకుపోయింది. ల్యాబు డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది.

"కుడతిని మార్తమ్మది పాపా. బిరీన చూడు" అంది.

నేను పేరు రాసి తలెత్తేసరికి వెళ్ళిపోయింది. అమ్మే పంపించిందనుకున్నాను. ఈ జబ్బు పేరు చెప్పడానికి సిగ్గుపడి, ఇంకొకరి చేత డబ్బా పంపే ఆడవాళ్ళను రోజూ చూస్తూనే ఉంటాను. అలాంటి డబ్బాలు కొన్ని అమ్మ దగ్గర నేనే ఉంచాను కూడా. శాంపిల్‌ను ప్లేటు మీద పూసి, ఇంక్యుబేటర్లో పెట్టి అన్నానికి వెళ్ళాను.

సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ నా మీద లేచింది.

"నేను యాడ పంపిస్తి? నాకేం రోగమొచ్చిందే? పొద్దన్నుంచి ప్రార్థనలో ఉండా. నీకు ఎవుర్ని చూసినా రోగమే కనపడతాది."

సిగ్గుతో అబద్ధం చెబుతోందనుకున్నాను. శనివారం చూస్తే ప్లేటు నిండా జిగట. ఏ మందుకు చస్తుందో, దేనికి చావదో తేలడానికి ఇంకో రోజు పడుతుంది. ఆ పరీక్ష పెట్టి తమ్ముడికి ఫోన్ చేశాను.

"అమ్మ బాగానే ఉండాది కదక్కా. రేపు ఆరాధన అయినాక పిల్చుకొని వస్తా" అన్నాడు.

ఆ ఆరాధన మధ్యలోనే అమ్మకు చలి పుట్టింది. వణుకు, జ్వరం, పొంతన లేని మాటలు. తమ్ముడు కారులో వేసుకుని మా ఆసుపత్రికి తెచ్చేసరికి నన్ను గుర్తుపట్టలేదు. బీపీ పడిపోయింది. మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కి ఉంటుందన్నారు డాక్టర్. ఏ బ్యాక్టీరియానో కల్చర్‌లో తేలేదాకా అందాజుగా ఒక ఇంజెక్షన్ మొదలుపెడతారు. అది పనిచేయకపోతే, తేలేలోపే మనిషి పోవచ్చు.

పరిగెత్తి శుక్రవారం శాంపిల్ రిజల్టు తెచ్చి చూపించాను. క్లెబ్సియెల్లా. ఆయన పెట్టబోతున్న మందు దాన్ని ఏమీ చేయలేదు. పనిచేసే మందులు చాలా తక్కువ.

"ఇదు యావాగిన రిపోర్టు? ఎప్పటిది? ముందే తెలిసి ఇంట్లో పెట్టుకున్యారా?" అని కన్నడ, తెలుగు కలిపి కసిరారు. మందు మాత్రం మార్చారు. ఆ శాంపిల్ ఎలా వచ్చిందో ఆయనకు ఏమని చెప్పను?

అమ్మ నుంచి కొత్తగా తీసిన శాంపిల్లోనూ అదే బ్యాక్టీరియా పెరిగింది. అవే మందులకు లొంగలేదు, అదే మందుకు లొంగింది. అప్పటికే అమ్మ నన్ను గుర్తుపట్టి, కాఫీ చప్పగా ఉందని గొణుగుతోంది. అది విని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత ఊరుకోలేక కుడతిని వెళ్ళి అడిగాను. ఆ రోజు అమ్మ పక్కనే కూర్చున్న రూతమ్మ పెద్దమ్మ ఒట్టు పెట్టినంత పని చేసింది.

"మీయమ్మ పొద్దు మునిగేదాంక లేయనేలేదు పాపా. ఒంటికి గూడ పోలేదు."

ఊళ్ళో ఇంకో మార్తమ్మ ఉండొచ్చు. మావాళ్ళలో ఆ పేరుకు కొదవ లేదు. అడిగినంతలో మేమే పంపామన్నవాళ్ళు లేరు. అలాంటి మొండి బ్యాక్టీరియా షుగర్ ఉన్న ఏ ఆడమనిషిలోనైనా దొరుకుతుంది, కాకతాళీయం అంటారు డాక్టర్. అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ రిపోర్టు కోసం ఈనాటికీ ఎవరూ రాలేదు.

అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పుకుంది. దేవదూత వచ్చిందట. "ఎవురైతే ఏమే, బతికినా గదా" అంటుంది నాతో. నిజమే, బతికింది. నాకు అంతకన్నా కావలసిందేముంది? అయినా మనసు ఒక చోట నిలవడం లేదు. కొంగు కప్పుకుని ఎవరు వచ్చినా కిటికీలోంచి వంగి ముఖంలోకి చూస్తున్నాను. కొందరు విసుక్కుంటున్నారు కూడా.

అమ్మకూ, డాక్టరుకూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ముసురులో కుడతిని నుంచి బస్సులో తెస్తే ఏ డబ్బా అయినా చల్లగా అయిపోతుంది. రోజూ పట్టుకునేదాన్ని, నాకు తెలుసు. ఆవిడ నా చేతిలో పెట్టిన డబ్బా అప్పుడే పట్టినట్టు వెచ్చగా ఉంది. ఆ వేళకు మా అమ్మ కుడతిని చర్చిలో, లేస్తే భక్తి తక్కువని, బిగబట్టుకుని కూర్చుని ఉంది.