సాగిన చైను

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెలకు సైకిల్ మీద తిరిగే నర్సును. ఆ నెలంతా మిట్ట ఎక్కేటప్పుడల్లా చైను ఊడిపోయేది. నూనె వేసినా, బిగించినా లాభం లేకపోయింది. నాకు తొక్కడం రాదని అందరూ నవ్వుతుంటే నేనూ నమ్మేశాను. సైకిల్‌ను పుట్టింటికి పంపేద్దామని రైల్వే స్టేషన్‌కు తెచ్చాను.

అక్కడ బల్ల మీద కూర్చున్న ఒక పెద్దామె, తలనిండా రాతిపొడితో, మసి అంటిన నా చేతులు చూసి లేచి వచ్చింది. పెడల్ దగ్గరి పళ్లచక్రం మీది చైనును రెండు వేళ్లతో పట్టి ముందుకు లాగింది. చైను పైకి లేచి, కింద పళ్లు కనిపించాయి.

“చూడమ్మా, కొత్త చైనైతే ఇట్ల లేయదు. ఇది శానా సాగిపోయుండాది. నీ తొక్కుడులో తప్పేం ల్యాదు.”

“ఇంకొన్నాళ్లు వాడొచ్చా?” అన్నాను.

“వద్దు. ఇట్లే తొక్కితే పళ్లు గూడా అరుగుతాయి. అప్పుడు కొత్త చైనేసినా నిలబడదు. నేను ఇరవై ఏండ్లుగా బండల పాలిష్ ఫ్యాక్టరీకి సైకిల్ మీదే పోతాండా.”

రైలొచ్చింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది. నేను సైకిల్ నడిపించుకుంటూ బజారుకు పోయి కొత్త చైను వేయించాను.

మరుసటి ఉదయం క్వారీ దగ్గరి మిట్టను సైకిల్ దిగకుండానే ఎక్కాను. పైన పల్లెలో నొప్పులు పడుతున్న అమ్మాయి దగ్గరికి వేళకు చేరాను. పుట్టిన బిడ్డ గట్టిగా ఏడుస్తుంటే, ఆ పెద్దామెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.