వెన్నెల అక్కర్లేని పిన్ని

పళ్ళసెట్లు తయారుచేసే అతనికి ఆ సాయంత్రం తాను రాసింది చూసుకుంటే రోత పుట్టింది.

తల్లి పోయాక అతన్ని పెంచింది పిన్ని. ఆసుపత్రి లాండ్రీలో ఉతికి ఉతికి ఆవిడ చేతులు నానిన అట్టముక్కల్లా అయిపోయాయి. మర్నాడు ఆవిడ రిటైరవుతోంది. వీడ్కోలు సభలో ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసి చదవమని తోటి పనివాళ్ళు అతనికే అప్పగించారు. ఆవిడ గురించి ఒకరు లేచి నిలబడి మాట్లాడటం అదే మొదలు. బహుశా ఆఖరు కూడా అదే.

అతనికి రాయడం ఎవరూ నేర్పలేదు. తనకు ప్రాణమైన ఒక రచయిత పుస్తకాలను అట్టలు ఊడేదాకా చదివి, ఆయన వాక్యాల నడక వంటబట్టించుకున్నాననుకున్నాడు. ఆ నడకలోనే రాసి, గొంతు సవరించుకుని పిన్నికి వినిపించాడు.

"అలసట ఎరుగని ఆ చేతులను చూసి వెన్నెలే తెల్లబోయింది..."

వంటగట్టు తుడుస్తున్న పిన్ని చేతిలో గుడ్డ పక్కన పడేసింది.

"ఎవర్రా ఈ మహాతల్లి?"

"నువ్వే, పిన్నీ."

"నేనా! నీ మొహం. ఆవిడ బట్టలుతికిందా, పూలు కోసిందా? వాంతులూ చీమూ పట్టిన దుప్పట్లురా అవి. మొదట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ కంపే. వెన్నెలట, వెన్నెల! రేపు ఇది చదివావంటే మావాళ్ళు నా మొహం మీదే నవ్వుతారు."

అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కాగితాలు మళ్ళీ చూసుకున్నాడు. ఒకరి నోటికి చేసిన పళ్ళసెట్టు ఇంకొకరి నోట్లో కుక్కినట్టుంది. పళ్ళు తళతళలాడుతున్నాయి, పాపం మనిషికి నోరు మూతపడటం లేదు. తన దగ్గర ఎవడైనా అలాంటి పని చేస్తే బయటికి గెంటేవాడు. థూ, అనుకున్నాడు.

ఆ కోపంతోనే రచయిత పుస్తకం తీశాడు. ఈసారి మైమరచిపోవడానికి కాదు, పనితనం చూడటానికి. తనని ఎప్పుడూ ఏడిపించే పేజీలో కన్నీళ్ళన్న మాటే లేదు. కొడుకును మట్టిచేసి వస్తున్న ముసలాయన చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని నడిచాడు. అంతే. పుస్తకం మొత్తంలో వెన్నెల వచ్చింది ఒక్కసారి. ఇన్నేళ్ళూ తాను దాన్నే చప్పరించాడు.

రాసిందంతా చించేశాడు.

"పిన్నీ, ఆ కంపు ఎలా ఉండేదో చెప్పు."

"ఛీ! అవన్నీ సభలో చదువుతావా?"

"చదువుతాను. ముందు ఏ గుడ్డలు ఉతికేదానివి?"

"నీకు పిచ్చి పట్టింది," అంటూనే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

మర్నాడు అతను చదివాడు. నెత్తురు ఎండిన దుప్పటి మీద వేన్నీళ్ళు పోస్తే మరక ఎలా పట్టేసుకుంటుందో, పసిపిల్లల వార్డు గుడ్డల్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పిన్ని తానే ఎందుకు ఉతికేదో చెప్తుంటే, ముందు వరసలో పెద్ద డాక్టరు జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సభలో ఇవేం మాటలయ్యా," అని ఎవరో విసుక్కున్నారు. అతను తడబడి ఆగిపోయాడు.

వెనక నుంచి లాండ్రీ ఆడవాళ్ళలో ఒకామె లేచింది.

"ఆపకు తమ్ముడూ. చీము సంగతి ఇంకా రానే లేదు."

అతను పిన్ని వైపు చూశాడు. కానివ్వమన్నట్టు ఆవిడ తలూపింది.