మామ మోగించి చూసిన గేరుబాక్సు

నేను ఇల్లరికపు అల్లుణ్ని. ఇప్పుడైతే నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఎనభైల్లో ఆర్మూర్ పసుపు మార్కెట్లో ఎవరైనా ఆ మాట అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పెళ్లికి ముందు నిజామాబాద్‌లో మెకానిక్‌ని. మామ పసుపు కమీషన్ ఏజెంటు, ఆయనకు ఒక్కతే కూతురు. పెళ్లయిన నెలకే నట్లు బిగించే నా పానలన్నీ మామ పాత కారు డిక్కీలోకి చేరాయి. నేను దాని స్టీరింగు ముందుకు చేరాను.

ఆ కారు మామ తండ్రి కొన్నది. ముందు ముగ్గురు కూర్చునేంత పొడుగు సీటు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. పెట్రోలు తెగ తాగుతోందని మామ సణుగుతుంటే దానికి ఒక వ్యాను డీజిల్ ఇంజను ఎక్కించింది నేనే. ఇంజను ఏనుగులా లాగేది. పాత గేరుబాక్సు ఆ లాగుడుకు తట్టుకోలేకపోయింది. నందిపేట్ నుంచి పసుపు బస్తాలతో వస్తుంటే ఒకసారి సెకండ్ గేరు పళ్లు రాలాయి. బాగుచేశాను. రెండోసారి ఇందల్వాయి దగ్గర నడిరోడ్డు మీద రాలాయి.

నాకు బస్టాండు పక్కన సొంతంగా ఒక షెడ్డు పెట్టుకోవాలని ఉండేది. నాకంటే మా ఆవిడకే తొందర ఎక్కువ. వాళ్లమ్మ చేతికింద కాకుండా తనకంటూ ఒక పొయ్యి ఉండాలని ఆమె కోరిక. మామనడిగితే ఎప్పుడూ ఒకటే మాట.

"బండి నడిచినన్ని దినాలు నువ్వే నడుపాలె బిడ్డా. అది పనికిరాకుంట అయిననాడు నీ షెడ్డు నువ్వు పెట్టుకో. నేను అడ్డం రాను."

ఆయన మాట తప్పే మనిషి కాదు. ఇందల్వాయి నుంచి కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన రోజు ఆయనే అన్నాడు, "ఇంకొక్క గేరుబాక్సు ఏద్దాం. గది గూడ పోయిందనుకో, బండి పాతినుముకే." మా ఆవిడ ఆ పూట అడగకుండానే నాకు రెండోసారి చాయ్ పోసింది.

నిజామాబాద్ పాత సామాన్ల దుకాణంలో రెండు గేరుబాక్సులు చూపించారు. ఒకటి మా కారు జాతిదే, పైన వెండి రంగు వేసి తళతళలాడుతోంది. రెండోది జీపుది, మట్టీ జిడ్డూ పట్టి బండరాయిలా ఉంది. జీపుదాని నూనె రంధ్రంలో వేలు పెట్టి చూశాను. నూనె చిక్కగా ఉంది, ఇనుప రజను లేదు. షాఫ్టు పట్టుకొని ఊపితే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పళ్లు వెడల్పు. దీన్ని బిగిస్తే మా ఇంజను ఎంత లాగినా ఫికరుండదు. వెండి రంగుదాని షాఫ్టు మాత్రం వదులుగా లొడలొడలాడింది. ఏడాది కూడా ఆగదు.

మామ వంగి రెండింటినీ వేళ్లతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. బాగా ఎండిన పసుపు కొమ్ము ఖంగుమంటుంది, పచ్చిదైతే మొద్దుగా పలుకుతుంది. ముప్పై ఏళ్లుగా ఆయన సరుకు చూసే తీరు అదే. వెండి రంగుది ఖంగుమంది. జీపుది మొద్దుగా పలికింది.

"గిది పచ్చిగున్నది. గదే ఎండిన సరుకు," అని మామ వెండి రంగుది చూపించాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఏడాదిలో షెడ్డు. దేవుడి దయవల్ల మూసుకునే ఉన్నాను కూడా. అంతలో మామ దుకాణదారు వైపు తిరిగి నవ్వాడు.

"మా అల్లుడు పానలు తిప్పుతడు గని, సరుకు గుర్తువట్టుడు రాదు. ఇంట్ల కూసుండి తినుడైతే వస్తది."

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇక నాకు ఒళ్లు తెలియలేదు.

"గది ఉత్త డబ్బా మామా. లోపల నూనె లేదు గనుకనే మోగుతుంది. నూనె లేక పండ్లన్నీ అరిగినయ్. గీ జీపుది పెట్టు, నీ బండి పదిహేనేండ్లు నడుస్తది. నడువకుంటే నా చెవులు కోయి."

మామ నా మొహంలోకి చూసి, "గట్లనా. అయితే గీ జీపుదే తీస్కపోదాం," అన్నాడు. నాలుక కరుచుకున్నాను. ఏం లాభం?

బిగించేటప్పుడైనా ఏదో ఒకటి వదులుగా వదిలేయొచ్చు. చేతులు ఒప్పుకోలేదు. ఇంజనుకూ గేరుబాక్సుకూ జోడు కుదరడానికి లేతు మీద దళసరి ఇనుప పలక చేయించాను, వెనక చక్రాలకు పోయే షాఫ్టు కోయించాను. గేరు రాడ్డు నేలలోంచి రావాలి కాబట్టి ఆ పొడుగు సీటును నడుమ కోశాను. వారం తర్వాత ఆలూర్ దాకా పోయి వచ్చాం, మామా నేనూ. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడ్డాయి. అంత బాగా కుదిరినందుకు, నా కర్మ, సంతోషం కూడా వేసింది.

ఇంటి ముందు ఆగగానే మామ కిటికీలోంచే కూతుర్ని కేకేశాడు.

"మీ ఆయన మొగోడే బిడ్డా. పదిహేనేండ్ల దాంక రంది లేదు."

ఆయన లోపలికి పోయాక ఆమె కారు దగ్గరికి వచ్చింది. నేను స్టీరింగు వదల్లేదు, తల ఎత్తలేదు.

"మీరే చెప్పిండ్రా బాపుకు, గా జీపుది పెట్టుమని?"

"ఊఁ."

వేళ్ల మీద లెక్క పెట్టుకుంది.

"అప్పటికి నాకు ముప్పై ఎనిమిదొస్తయ్," అని, అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది.