గొట్టం మీద సుత్తి దెబ్బ

రిటైరయ్యాక మగవాళ్ళకు ఏదో ఒక పిచ్చి పట్టడం మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మామూలే. ఒకాయన తేనెటీగలు పెంచాడు. ఇంకొకాయన హోమియోపతి మొదలుపెట్టి కాలనీనంతా భయపెట్టాడు. నాకు తుపాకీ మీదకు మనసు పోయింది. అదీ పాతకాలపుది, గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చేది. వేటకు కాదులెండి, ఊరి బయట షూటింగ్ క్లబ్బులో ఆదివారం పూట అట్టముక్కలను కాల్చడానికి.

"బొద్దింకని సంపనేరు, మీకు తుపాకీ ఏటండీ?" అంది మా ఆవిడ. లైసెన్సు వచ్చేదాకా రోజూ అదే పాట. తీరా వచ్చాక, నేనూ వస్తానని చీర మార్చుకుని బయల్దేరింది.

వ్యాపార్ విహార్ బజారు దాటాక ఉన్న తుపాకుల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు రెండు తుపాకులు బల్ల మీద పెట్టాడు. రెండూ జోడు గొట్టాలవే. బిల్హా వైపు పాత భూస్వాముల ఇంట్లోంచి అమ్మకానికి వచ్చాయట. ఒకదానికి చెక్క మీద వెండి తీగలు, గొట్టాల మీద నెమళ్ళు. రెండోది బోసిగా, ఏ నగా లేకుండా ఉంది. నేను నెమళ్ళకు పడిపోయాను.

అయినా పరీక్షించకుండా కొనే రకాన్ని కాను. బండి ప్లాట్‌ఫారం మీద ఆగగానే చక్రాలను సుత్తితో కొట్టుకుంటూ పోవడం ముప్పై ఏళ్ళకు పైగా నా డ్యూటీ. ఖంగున మోగితే చక్రం మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది, ఆ పెట్టె మీద సుద్దతో 'సిక్' అని రాసి పక్కన పెట్టించాలి. నా చెవి అంటే షెడ్డులో అందరికీ గురి. నాకున్న ఆస్తి ఆ చెవి ఒక్కటేనని నేనే చెప్పుకు తిరిగేవాణ్ణి. జోడు గొట్టాలను కూడా తాడుకు వేలాడదీసి, కొట్టి చూస్తారనీ, రెంటి మధ్య అతుకు వదిలితే మోత చెడుతుందనీ క్లబ్బులో విన్నప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సంచీలోంచి నా సుత్తి తీశాను. అది షెడ్డు నుంచి ఇంటికెలా వచ్చిందో అడక్కండి. ఇదేం పనన్నట్టు దుకాణదారు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"అంకుల్‌జీ, యే క్యా కర్ రహే హో!"

అతనికి నచ్చజెప్పి, గొట్టాలు చెక్కలోంచి విడదీయించి, తాడుకు కట్టించి, నెమళ్ళ తుపాకీని మెల్లగా కొట్టాను. కాస్త దర్జాగా ఉంటుందని కళ్ళు కూడా మూసుకున్నాను.

"ఫస్టు క్లాసు. ఇదే ఇచ్చెయ్యండి."

"అదేటి, డబ్బా కొట్టినట్టుంది?" అంది మా ఆవిడ.

"నీకేటి తెలుస్తాదే?"

"యార్డు పక్క క్వార్టర్లో ఇన్నేళ్ళున్నాను. లేస్తే మీ సుత్తే ఇనేదాన్ని. బాగున్న సక్రం ఎలగ మోగుతాదో నాకు తెల్దా? దీనికి సిక్కు రాసీండి."

పరాయివాడి ముందు ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. రెండో తుపాకీ కూడా వేలాడదీయించి, దీన్నోసారి, దాన్నోసారి కొట్టాను. ఆవిడ ఇటు తిరగనైనా లేదు. వీధిలో లారీలను చూస్తూనే "ఇది బాగుంది. ఇది డబ్బా. ఇదీ డబ్బాయే" అని చెప్పుకుపోయింది. ఒక్కటీ తప్పలేదు. దుకాణదారు తల గోక్కుని, నెమళ్ళదానికి అతుకు కొంచెం వదిలిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు.

నాకు మాత్రం రెండూ ఒక్కలాగే వినిపించాయి. గుడ్డ చుట్టి ఎక్కడో దూరంగా కొట్టినట్టు. ఆ క్షణాన నాకు నిజంగా భయం వేసింది.

బోసి తుపాకీకే డబ్బు కట్టాను. కాగితాలు పూర్తయ్యాక వచ్చి తీసుకెళ్ళమన్నాడు. బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు, ఆవిడ వైపు చూడకుండా చెప్పాను.

"నాకు సరిగ్గా ఇనబడ్డం లేదే."

"రెండేళ్ళ నుంచి తెల్సు. మీరే సెప్తారని సూస్తన్నాను."

సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ప్రాణం తేలికపడింది. ఇంతలో ఓ లారీ పోతుంటే ఆవిడ మళ్ళీ ఏదో అంది. ఇదివరకైతే అచ్ఛా అచ్ఛా అని తలూపి ఊరుకునేవాణ్ణి. ఈసారి దగ్గరకు జరిగాను.

"ఏటన్నావు? ఇంకోపాలి సెప్పు."

ఆవిడ నా చెవిలో నోరు పెట్టి, లారీ మీది హమాలీలు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"ఆకలేస్తందా అన్నాను!"