నేను అడిగి తీసుకున్న కోటు

శనివారం పొద్దున బియ్యం కడుగుతుండగా ఫోన్ వచ్చింది. షువైఖ్ షెడ్డులో పాత ట్యాంకరుకు వెల్డింగు చేస్తుంటే పేలిందని, నా కొడుకు ఇక లేడని చెప్పారు. ఫోన్ పెట్టేసి ఆ బియ్యమే మళ్లీ కడిగాను. ఎన్నిసార్లు కడిగానో తెలియదు. నేను పనిచేసే అరబ్బు ఇంటి యజమానురాలు, ఇక్కడ మామా అని పిలుస్తాం, వచ్చి కుళాయి కట్టేసింది.

చదివే మీకు ఒక మాట ముందే చెప్పాలి. ఆ పొద్దున వాడి తోలు కోటు నా దగ్గరే ఉంది.

వాళ్ల నాయన మా ఊరి వీధినాటకంలో సూర్యుడి కొడుకు వేషం కట్టేవాడు. పుట్టుకతోనే ఒంటికి కవచం ఉన్న వీరుడు. అది ఉన్నన్నాళ్లూ ఆయనకు చావు లేదు. దేవేంద్రుడు ముసలి బ్రాహ్మడిలా వచ్చి, తన కొడుకును కాపాడుకోవడానికి ఆ కవచాన్నే దానం అడుగుతాడు. ఆయన ఒంటి నుంచి కోసి ఇచ్చేస్తాడు. అట్టకు బంగారు కాగితం అంటించిన కవచమే, అయినా ఆ ఘట్టం వస్తే ఆరేళ్ల నా కొడుకు జనంలోంచి లేచి, ఈయొద్దు నాయనా అని ఏడ్చేవాడు. మీసాలొచ్చాక కూడా వాడికి ఆ కోపం పోలేదు.

"ఆయప్ప దాత గాదు మా, తిక్కలోడు. నేనైతే దేవుడొచ్చి అడిగినా ఈను" అనేవాడు.

షువైఖ్‌లో చేరాక తోలు కోటు, మొహానికి షీల్డు పెట్టుకుని ఫోటో పంపాడు. ఇదే నా కవచం అన్నాడు. షెడ్డులో ఉంచితే ఎవరైనా వేసుకుంటారని, సెలవు రోజు కూడా సంచిలో వెంట తెచ్చుకునేవాడు. శుక్రవారాలు బస్సులో నేనుండే జహ్రాకు వచ్చి, మామా వాళ్ల గేటు మెట్టు మీద కూర్చుని నేను తెచ్చిన చిత్రాన్నం తినేవాడు. వేరుశనగ పప్పులు ఏరి చివరికి దాచుకునేవాడు. నిప్పురవ్వల మచ్చలు నాకు కనబడకుండా చొక్కా చేతులు కిందికి లాక్కునేవాడు.

ఆ శుక్రవారం చూస్తే కోటు సంక కింద కుట్టు పిగిలి ఉంది. కుట్టి పెడతాను ఇవ్వమన్నాను. రేపు పనుంది, వద్దన్నాడు. నేను ఊరుకోలేదు.

"ఒక్క దినం లేకుంటే ఏమైతాది నాయనా, ఇట్లీ."

వాడు నవ్వాడు. "దేవునికే ఈనంటి. నువ్వడుగుతావని అనుకోలే మా" అని సంచి నా ఒళ్లో పెట్టాడు.

ఆ దేవుడు తన కొడుకు కోసం ఇంకొకరి కొడుకును అడిగాడు. నేను నా కొడుకునే అడిగాను.

వాడితో పనిచేసే కోనసీమ అబ్బాయి వచ్చి, "కోటున్నా ఆగేది కాదండి పిన్నిగారూ, గోడే పడిపోయిందండి" అన్నాడు. రోజూ ఫోన్ చేసి ఆ మాట మళ్లీ చెప్పించుకుంటున్నాను. విసుక్కోకుండా చెప్తాడు. చెప్పినంతసేపూ నమ్ముతాను.

కుట్టు ఆ శుక్రవారం సాయంత్రమే వేసేశాను, దిండ్లు కుట్టే సూదితో, రెండు పేటల దారంతో. గట్టిగానే పడింది. ఇప్పుడది నా గది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. మోచేతుల దగ్గర ఆ తోలు ఇంకా వాడి చేతుల్లాగే వంగి ఉంది.