బంతి ఆపే కోచ్ మేడమ్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను దోమ గురించి చెబితే విన్నవాళ్లకు ఏనుగు కనిపిస్తుంది.

ఆమె ఎల్బీనగర్‌లో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును వరసగా గెలిపించిన కోచ్. నలభై కాలేజీలు ఆమె వెంటపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలేజీ నలభై ఒకటోది. ఆమె రానంటే మా బాస్కెట్‌బాల్ కోర్టు మీద రేకుల షెడ్డు వేసి ఇంకో రెండు క్లాసులు నడుపుతామని యాజమాన్యం తేల్చేసింది.

మాట్లాడటానికి ప్రిన్సిపాల్ గదికి వచ్చింది గానీ కుర్చీలో కూర్చోలేదు. బంతిని నేలకేసి కొడుతూనే మాట్లాడింది. ఎదుటివాడు అబద్ధమాడితే మాత్రం బంతి ఆపేసేది.

“మా పిల్లల్ని రోజూ ఆడిస్తామండీ,” అన్నాడు మా ప్రిన్సిపాల్.

బంతి ఆగింది. కిటికీ బయట నుంచి మా జట్టు అమ్మాయిలు ఊచలు పట్టుకుని తొంగిచూశారు. నా చొక్కా పిండితే మూసీకి వరదొచ్చేలా ఉంది.

“ఏంది సార్, రోజూ ఆడితే రింగుకు సాలెగూడు ఎట్ల పట్టింది? గేమ్స్ పీరియడ్ ఎవరు గుంజుకుంటున్నరు?”

లెక్కల సిలబస్ కోసం రెండేళ్లుగా ఆ పీరియడ్ మింగుతున్నది నేనే. చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్లల కోర్టు పోతుంది. లేచి నిలబడి, “నేనే మేడమ్, తప్పు నాదే,” అన్నాను.

ఆమె నన్ను ఒక యుగం పాటు చూసింది.

“గా పీరియడ్ వాపస్ ఇస్తెనే ఒస్తా.”

“ఇవాళే ఇచ్చేస్తామండీ!” అన్నాడు ప్రిన్సిపాల్. బంతి మళ్లీ నేలను తాకింది.

ఇందులో నేను కల్పించింది నా మాట ఒక్కటే. నిజానికి నా నోరు పెగల్లేదు. హోంవర్క్ చేయని పిల్లాడిలా చెయ్యి మాత్రం ఎత్తాను.