రేకు మీద రేకు

మొన్న ఆత్మకూరులో బస్సు దిగి నెల్లూరు రోడ్డు మీద నడిచి వస్తుంటే, రోడ్డు వారనున్న ఒక వెల్డింగు షెడ్డు ముందర ట్రాక్టరు ట్రక్కు ఒకటి ఆపి ఉంది. దాని అడుగు రేకంతా తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి, అక్కడక్కడా చిల్లుల్లోంచి కింద నేల కనిపిస్తోంది. షెడ్డతను ఆ పాత రేకును తియ్యకుండానే దాని మీద కొత్త రేకు పరిచి, సుద్దముక్కతో గీతలు గీసుకుంటున్నాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఊరుకోలేక, "నాయనా, పాతది కోసెయ్యి, దాని మీద వెయ్యబాక" అన్నాను. అతను తలెత్తి, నా నెరిసిన జుట్టూ చేతిలో కూరగాయల సంచీ చూసి, "ఏంది పెద్దమ్మా, నీకు వెల్డింగు కూడా తెలుసా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండినా సంచీ చెయ్యి మార్చుకుని ముందుకు నడిచాను. అనడానికి మొదలుపెడితే అది అక్కడితో ఆగే మాట కాదు.

తెలుసు. మా ఆయనకు అదే రోడ్డులో పన్నెండేళ్లు షెడ్డు ఉండేది, ఆ షెడ్డులో సగం పని నాది. ఆయన మంట పెడితే నేను రంగు పూసేదాన్ని. ఇనప బ్రష్షు పట్టుకుని తుప్పు గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం, కిరసనాయిలు గుడ్డతో తుడవడం, ఆ మీదట ఎర్ర ఆక్సైడు రెండు పూతలు పూయడం, అన్నీ నేనే. వచ్చినవాళ్లు "ఏం బావా, పెళ్లానికి కూడా కూలి ఇస్తున్నావా?" అని ఆయనను ఆటపట్టించేవాళ్లు, ఆయన నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని వినిపించనట్టే ఉండేవాడు. ట్రక్కులెక్కి చెనక్కాయల పనికి పోయిన నా ఈడువాళ్లకు ఆ ఎరుపు చీరలకు అంటుకుంటే ఎట్లా వదలదో బాగా తెలుసు. తుప్పు గురించి ఆయన నాకు నేర్పింది ఒకటే. పైన కనిపించేదాన్ని నమ్మకూడదు, సుత్తితో కొట్టి చూడాలి. బాగున్న రేకు ఠంగుమంటుంది, పోయిన రేకు మట్టికుండ మీద కొట్టినట్టు చప్పగా పలుకుతుంది. బాగున్న ఇనుము దొరికేదాకా కోసుకుంటూ పోయి, అక్కణ్ణుంచి కొత్తది అతకాలి. అంతకు మించి అందులో రహస్యం లేదు.

మా పుట్టిల్లు ఉదయగిరి కొండ కింద ఒక చిన్న పల్లె. మెట్ట సేద్యం, వానొస్తే చెనక్కాయ, రాకుంటే ఆకాశం చూడ్డం. ఆ ఊళ్లో మొదట ట్రాక్టరు కొన్నది మా నాయన. ట్రాక్టరు సంగతేమో గానీ ఆ ట్రక్కును మాత్రం ఆయన కన్నబిడ్డను సాకినట్టు సాకాడు. పెంట తోలినా, ఎరువు మూటలు తోలినా, సాయంత్రానికి చీపురుతో మూలమూలా ఊడ్చి, నీళ్లతో కడిగి, వెనక తలుపు దించి, నీళ్లు జారిపోయేటట్టు ముందు భాగం ఎత్తులో ఉండేలా చక్రాలకు రాళ్లు పెట్టి ఆపేవాడు. వానాకాలం వస్తుందంటే లారీ షెడ్ల దగ్గర కాలిన ఆయిలు డబ్బాలో పోయించుకొచ్చి, పాత పంచె ముక్కతో అడుగంతా పట్టించేవాడు. మా అమ్మ ముక్కు మూసుకుని, "తలకు రాసుకోమంటే ఆముదం రాసుకోడు, దానికి మాత్రం తలంటు పోస్తాడు" అని సణిగేది. నాయన ఉన్నన్నాళ్లూ ఆ రేకు మీద గోరంత తుప్పు లేదు.

ఆ నాయన ఆ రేకు మీదే పోయాడు. ఒక మధ్యాహ్నం చేలో గుండె పట్టుకుని కూర్చుంటే, బస్సు కోసం ఆగే వేళ కాదని ట్రక్కులో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి పడుకోబెట్టి, మా అన్న ఆత్మకూరు ఆస్పత్రికి తోలుకొచ్చాడు. దారిలో నా కోసం మా షెడ్డు ముందర ఆపాడు. నేను రంగు చేతులతోనే పరుగెత్తి ట్రక్కెక్కేసరికి నాయన కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. గడ్డి పక్కకు జరిగి ఆయన చెయ్యి రేకుకు ఆని ఉంది. ఆ ఎండకు రేకు కాలుతున్నా ఆ చెయ్యి చల్లగా ఉంది.

నాయన పోయాక ట్రక్కు మా అన్న చేతికి వచ్చింది. మా అన్న చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. మర్రిపాడు వైపు గొర్రెలవాళ్లు జీవాలను సంతకు తోలించుకోవడానికి ఆయనను పిలిచేవాళ్లు. గొర్రెలు జారకుండా అడుగున గడ్డి పరిచేవాళ్లు, ఆ గడ్డి వాటి ఉచ్చకు తడిసి, దాని మీద ఇంకో విడత గడ్డి పడి, వానల్లో కూడా అట్లాగే నానుతూ ఉండేది. ఇనుముకు అంతకంటే విషం లేదు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా చూసి, "నాయన ఉంటే చీపురు తిరగేసేవాడు" అని అన్నను దెప్పిపొడిచేదాన్ని. ఆయన "రేపు కడుగుతాలేమ్మే" అనేవాడు. నాలుగు వానాకాలాలు పోయినా ఆ రేపు రాలేదు.

ఆఖరికి ఒక గొర్రె కాలు చిల్లులో ఇరుక్కుని విరిగాక, అన్న ట్రక్కును మా షెడ్డుకు తెచ్చాడు. మా ఆయన సుత్తి తీసుకుని మూల నుంచి మూలకు కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడా ఠంగుమనలేదు. కిందికి దూరి చూసి, చక్రాల పైనున్న అడ్డకమ్ములను కూడా తుప్పు తినేసిందని చెప్పి, "మొత్తం కోసెయ్యాల బావా, నాలుగు రోజులు పడతాది" అన్నాడు. అన్న ఒక్క క్షణం ఆ రేకు కేసి చూసి, "నీకెట్ట తోస్తే అట్ట చెయ్ బావా" అని చెప్పి బస్సెక్కి పోయాడు. మంచి మాటే అన్నాడు. ఆ మాటతో పని అయిపోవలసింది.

అడ్డం పడింది నేను. ఆయన రేకు కోసే గ్యాసు సిలిండరు దొర్లించుకుని రావడం చూసేసరికి నాకు పిచ్చి లేచినట్టయింది. మా నాయన పడుకున్న చోటు, ఆయన చెయ్యి ఆనిన చోటు కోసి, ముక్కలు చేసి, పాత సామానువాడి బండిలో పడేస్తారా అని ఏడ్చాను. ఆయన ఓపిగ్గా చెప్పి చూశాడు. పుచ్చిన రేకు మీద కొత్త రేకు వేస్తే అది దేన్ని పట్టుకుని నిలబడుతుంది, రెండింటి మధ్య నీళ్లు దిగితే ఎండ తగలదు, గాలి తగలదు, మనం రంగు పూయబోయినా చెయ్యి దూరదు అన్నాడు. ప్రతి మాటా నిజమే, ప్రతి మాటా నాకు తెలిసిందే. అయినా నా నోరు పడిపోను, "ఆ రేకు మీద గ్యాసు పెట్టినావంటే నేను ఈ ఇంట్లో ఉండను, మా ఊరికి పోతా" అన్నాను. ఆయన గ్యాసు పైపు చుట్టి భుజాన వేసుకున్నాడు. తర్వాత సిలిండరు వెనక్కి దొర్లించుకుపోయాడు. పెళ్లయ్యాక ఆయన తనకు తెలిసిన పనిని తప్పుగా చెయ్యడం అదొక్కసారే, అదీ నా కోసం.

పాత రేకు మీద కొత్త రేకు పరిచి, అంచుల వెంట అతుకులు వేశాడు. నేను దాని మీద రెండు పూతలకు బదులు మూడు పూతలు పూశాను, పూస్తూ లోపల నాయన చోటు పదిలంగా ఉందని మురిసిపోయాను కూడా. ట్రక్కు తీసుకుపోవడానికి అన్నతో వదిన కూడా వచ్చింది. మా వదిన నెమ్మదస్తురాలు, ఎవరినీ ఒక మాట అనేది కాదు. ఎర్రగా మెరుస్తున్న ఆ అడుగు చూసి, "గట్టిగా ఉండాదా అమ్మాయ్?" అని నన్నే అడిగింది. మా ఆయన తల వంచుకుని పనిముట్లు సర్దుకుంటున్నాడు. నేను "ఇంకో పదేళ్లు చూసే పని లేదు వదినా" అన్నాను.

మూడేళ్లు కూడా ఆగలేదు. చెనక్కాయలు పీకే రోజుల్లో, మూటలు వేసుకుని, కూలీ ఆడవాళ్లను ఎక్కించుకుని చేలోంచి ఇంటికి వస్తున్నారు. వదిన వెనక మూల మూట మీద కూర్చుని ఉంది, సరిగ్గా చక్రం పైన. బండి గుంటలో పడి ఎగిరింది. లోపల పాత రేకు ఎప్పుడో పొడి అయిపోయి ఉంది, కొత్త రేకుకు పట్టు లేక పెట్టె మూత ఒరిగినట్టు ఒరిగింది, వదిన ఎడమకాలు మోకాటి దాకా ఆ సందులోంచి చక్రం మీదికి దిగిపోయింది. ట్రాక్టరు మోతలో అన్నకు అరుపులు వినపడేసరికి ఆ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో నేను ఎవరినీ అడగలేదు. నెల్లూరులో పాదం తీసేశారు.

ఆస్పత్రి వరండాలో మా అన్న మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నీ చేతి పనేరా ఇది! అయినోళ్లకే ఇట్టాంటి పని చేస్తే బయటోళ్లకు ఏం చేస్తావు?" అని అందరి ముందర అరిచాడు. నేను ఫ్లాస్కు పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాను. మా ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. అది నన్ను పట్టిచ్చే చూపు కాదు, నోరు మూసుకోమని చెప్పే చూపు. తర్వాత, "నాదే తప్పు బావా" అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది నిమ్మళం. ఏడుపు తర్వాత వచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన కాళ్లు పట్టుకుని, అన్నతో నిజం చెబుతానన్నాను. ఆయన వద్దన్నాడు. "నీకు ఉండేది ఆ ఒక్క పుట్టిల్లే. నాకు పని ఎక్కడైనా దొరకతాది" అన్నాడు. నేను ఇంకోసారి అడగలేదు. గట్టిగా అడిగి ఉంటే ఒప్పుకునేవాడేమో, ఆ భయంతోనే అడగలేదు. పని మాత్రం ఆయన అనుకున్నంత సులువుగా దొరకలేదు. ఆ సంగతి ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా పాకింది, ట్రక్కులు మా షెడ్డు దాటి ముందుకు పోవడం మొదలుపెట్టాయి. ఏడాదికి షెడ్డు మూసేసి, లారీలకు బాడీలు కట్టే చోట ఇంకొకరి కింద చేరాడు. అడుగు రేకు కొయ్యనివ్వను అని నేను అడ్డం పడ్డ ఆ ట్రక్కును మా అన్న మొత్తంగా పాత ఇనుముకు వేసేశాడు, అప్పుడు నోరెత్తడానికి నాకు ఏ ముఖం ఉంది? పండగలకు పబ్బాలకు మా ఆయన నన్ను మా ఊరి మలుపు దాకా తెచ్చి దించి, అదే బస్సు తిరిగొచ్చేదాకా రోడ్డు మీద నిలబడి, వెనక్కి పోయేవాడు. ఇరవై ఏడేళ్లు అట్లాగే జరిగింది. ఆయన పోయినప్పుడు మా అన్న వచ్చాడు గానీ, లోపలికి రాకుండా వాకిట్లోనే కాసేపు నిలబడి తిరిగి వెళ్లాడు.

ఆ షెడ్డతను నవ్విన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజులు ఆగి, ఉదయగిరి బస్సెక్కాను. అన్న చేనికి పోయి ఉన్నాడు. వదిన వసారాలో గోడకు ఆనుకుని, ఉదయగిరి నుంచి తెప్పించుకునే చెక్క గరిటెలకు నునుపు పడుతోంది. కాలు పోయి చేను పని మానుకున్న దగ్గర్నుంచీ ఆమె పని అదే. ఎదురుగా కూర్చుని, సుత్తి దెబ్బల దగ్గర మొదలుపెట్టి, గ్యాసు సిలిండరు దాకా, నేను అన్న మాట దాకా, ఏదీ దాచకుండా చెప్పాను. తిడుతుందని, గరిటె తీసి నెత్తిన కొడుతుందని, కొడితే బాగుండునని అనుకున్నాను. ఆమె ఒళ్లోని చెక్క పొడి దులుపుకుంది.

"కాలు సంగతి వదిలెయ్ అమ్మాయ్, అది పోయి ఎన్నేళ్లయింది" అంది. "ఆ మనిషిని మేము మా గడప తొక్కనియ్యలేదే. నువ్వు ఒక్క మాట చెప్పుంటే, మా ఇంట్లో కూర్చోని ఒక పూటన్నా అన్నం తినుండేవాడు గదా."

ఇప్పుడు ట్రక్కు అడుగు పోతే, తెలిసినవాళ్లు పూటలో కోయించి కొత్తది వేయించుకుని పోతున్నారు, ఇనుము ఇనుమేనని వాళ్లకు తెలుసు. గుండె పట్టుకున్న మనిషిని గడ్డి మీద పడుకోబెట్టి ట్రక్కులో తోలుకొచ్చే కాలం కూడా పోయింది, ఫోను చేస్తే అంబులెన్సు వాకిట్లోకి వస్తోంది. మంచిదే. పుట్టిల్లు పోతుందంటే ఆ రోజుల్లో మన ఆడవాళ్లకు ఎంత భయమో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. వాళ్లు అన్నదమ్ములతో ఫోనులోనే ముఖాముఖి పోట్లాడతారు, తప్పు నాదే అనేస్తారు, సాయంత్రానికి మళ్లీ నవ్వుకుంటారు. నాకు ఆ ఒక్క మాట అనే ధైర్యం అరవై ఐదేళ్లకు వచ్చింది. ఆయన పోయిన పదకొండు నెలలకు వచ్చింది.